బెర్తు ఖాళీ లేదని చెప్పే ముందు

ఆస్ట్రేలియా ఉత్తర కొసన డార్విన్‌లో ఇరవై రెండేళ్ళు ఏం ఉద్యోగం చేశావని ఎవరైనా అడిగితే, ఎక్కువ రోజులు నేను చేసింది "ఖాళీ లేదండీ" అని చెప్పడమే. పడవను శాశ్వతంగా కట్టుకునే చోటును బెర్తు అంటారు. పడవలు నిలిపే మా మెరీనా బేసిన్‌లో నూట ఇరవై బెర్తులుండేవి. అడిగేవాళ్ళు ఎప్పుడూ అంతకంటే ఎక్కువ మందే. వరసలో ఎవరు ముందు, ఎవరు వెనక అనే జాబితా నా దగ్గర ఉండేది.

రిటైరై ఇంట్లో కూర్చున్నాక, మొన్నీమధ్య మెల్‌బోర్న్ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. మాకు దూరపు చుట్టం. క్రాన్‌బర్న్‌లో ఉంటుంది. అక్కడికి దగ్గరలో కాలువల వెంట ఇళ్ళు, ఇళ్ళ ముందు పడవలు ఉండే చోట ఒక మెరీనా ఆఫీసులో కొత్తగా చేరింది. "ఆంటీ, వెయిటింగ్ లిస్ట్ అంతా నాకే ఇచ్చారు. రోజూ ఎవరో ఒకరు నా మీద అరుస్తున్నారు. యూ డిడ్ దిస్ ఫర్ ట్వెంటీ ఇయర్స్, ఎలా చేశారు?" అని అడిగింది. ఫోన్లో ఏదో చెప్పాను కాని, చెప్పాల్సింది చెప్పలేదనిపించింది. నేను బాగా చేసిన పనులు చెప్పడం తేలికే. చేసిన తప్పు చెప్పాలంటే కూర్చుని రాయాలి.

నీళ్ళు, లాకులు

మాది కాకినాడ. పెళ్ళికి ముందు అక్కడ ఒక షిప్పింగ్ ఏజెంటు ఆఫీసులో టైపిస్టుగా చేశాను. మా వారికి డార్విన్‌లో ప్రభుత్వ అకౌంట్స్ ఉద్యోగం రావడంతో వచ్చేశాం. పాప స్కూల్లో చేరాక నేనూ ఏదైనా చేద్దామని వెతుకుతుంటే, ఫోన్లు ఎత్తడానికి మనిషి కావాలని ఈ మెరీనా వాళ్ళు ప్రకటన ఇచ్చారు. ఇంటర్వ్యూలో నేను చెప్పిన ఒకే ఒక్క తెలివైన మాట, "లాకులు నాకు తెలుసు" అన్నది. గోదావరి కాలువల మీద లాకులు చూస్తూ పెరిగిన దాన్ని కదా.

డార్విన్ సముద్రానికి ఆటుపోటు చాలా పెద్దది. పోటు మీద ఉన్న నీళ్ళు ఆటుకు దిగిపోయేసరికి రెండంతస్తుల మేడంత తేడా వస్తుంది. పొద్దున పడవలు తేలిన చోట సాయంత్రానికి బురద, అందులో పీతలు. అందుకే మా బేసిన్‌కి ముందు రెండు గేట్ల లాకు కట్టారు. బయట సముద్రం ఎంత దిగినా లోపల నీళ్ళు ఒకే మట్టాన ఉంటాయి. తుఫాను నెలల్లో అంతకంటే భద్రమైన చోటు పడవకు దొరకదు.

బెర్తు అడిగేవాళ్ళలో రెండు రకాలు. పడవ ఆటవస్తువైన వాళ్ళు, పడవే ఇల్లయిన వాళ్ళు. రెండో రకానికి మేమిచ్చే చోట్లు బాగా తక్కువ. పడవలో నివాసానికి కరెంటు, మురుగునీటి పైపు ఉన్న బెర్తే కావాలి. వాటి కోసం ఐదేళ్ళు, ఆరేళ్ళు ఎదురుచూడటం మామూలే. అన్నేళ్ళూ వాళ్ళు బయట క్రీకు అనే ఉప్పునీటి పాయలోనో, బే అనే అఖాతంలోనో లంగరు వేసుకుని బతుకుతారు.

రాన్ పెన్సిలు

నా మొదటి బాసు రాన్. లాకు గేట్లు ఆయనే నడిపేవాడు, ఆఫీసూ ఆయనే చూసేవాడు. మాట మోటు. కొత్తలో నన్ను "కాకినాడా" అని పిలిచేవాడు, పద్మావతి అనడం నోరు తిరగక.

చేరిన మూడో నెలలో ఒక పడవకు నేనే బెర్తు కేటాయించాను. ఫారంలో పొడవు పన్నెండు మీటర్లని రాసి ఉంది, బెర్తూ పన్నెండే. పడవ వచ్చాక చూస్తే ముందు ముక్కు కొయ్య ఒక మీటరు బయటికి ఉంది. వెనకాల ఇనుప చట్రానికి చిన్న పడవ వేలాడుతోంది. తిప్పబోయి పక్క పడవ కిటికీ పగలగొట్టారు. రాన్ వచ్చి చూశాడు. గోడ మీద కొలత టేపు తీసి నా చేతిలో పెట్టి, "మనుషులు పడవ పొడవు అబద్ధం చెప్పరు. వాళ్ళు ప్రేమించినంత మేరే కొలుస్తారు. నువ్వు మిగతాది కూడా కొలువు" అన్నాడు. ఆ తర్వాత నా చేత్తో కొలవని పడవను లోపలికి రానివ్వలేదు.

ఆయనకు ఇంకో అలవాటుండేది. ఎవరైనా బెర్తుకు దరఖాస్తు ఇస్తే, వాళ్ళతో కాసేపు మాట్లాడి, ఫారం వెనక పెన్సిలుతో నాలుగు ముక్కలు రాసేవాడు. "కుక్క ఉంది, మొరుగుతుంది." "ఎడమ చెవి వినపడదు, కుడి వైపు నుంచి మాట్లాడు." ఫారాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించే పని నాకిచ్చినప్పుడు, ముందు పక్క ఉన్నవన్నీ ఎక్కించాను. వెనక పక్క ఉన్నదానికి కంప్యూటర్లో గడి లేదు. ముసలాయన చాదస్తం అనుకుని కాగితాలు అట్టపెట్టెల్లో పెట్టి వెనక గదిలో పడేశాను. అప్పటికి రాన్ రిటైరై టౌన్స్‌విల్ వెళ్ళిపోయాడు.

నేను కొట్టేసిన పేరు

అక్టోబరు చివరి రోజులు. వానలకు ముందు వచ్చే ఆ ఉక్క నెలలను ఇక్కడ బిల్డప్ అంటారు. ఆకాశం రోజూ నల్లబడుతుంది, చుక్క పడదు, మనుషులకు చిరాకు. ఒక పొద్దున ఒక పెద్దాయన ఆఫీసులోకి వచ్చాడు. అరవై దాటిన మనిషి. ఫుల్ హ్యాండ్స్ చొక్కా, మోకాళ్ళ దాకా ఆరిన బురద. టోపీ తీసి, వరసలో తన స్థానం ఎక్కడిదాకా వచ్చిందని ఇంగ్లీషులో మర్యాదగా అడిగాడు. ఏడేళ్ళ కింద పేరు ఇచ్చాడట. పేరు ఎ. నాయుడు.

జాబితాలో వెతికాను. లేదు. నేను మళ్ళీ వెతుకుతుంటే ఆయన నా బ్యాడ్జి కేసి చూశాడు.

"పద్మావతి. తెలుగోళ్ళా అమ్మా మీరు?"

తలెత్తి చూశాను. మా అమ్మమ్మ తరం వాళ్ళ నోట తప్ప వినని యాస అది.

"అవునండీ. మీరు?"

"మాది ఫిజీ. సువా. మా తాతని సెరుకు తోటల పనికి ఓడలో తీసుకెల్లిపోనారు, విజీనారం కాడ నుండి. నాను ఎప్పుడూ ఆ ఊరు సూడనేదు. మా అవ్వ దగ్గిర నేర్సుకున్న తెలుగు ఇది. పేరు అప్పారావు." నవ్వాడు. "ఇంటికాడ ఇందీ, బయట ఇంగ్లీసు. ఇది మాటాడి శానా ఏళ్ళైపోనాది."

అక్కడ పడవలు కట్టే వడ్రంగి. ఎనభై ఏడులో ఫిజీలో సైన్యం తిరగబడ్డాక, అక్కడి చాలామంది భారతీయుల్లాగే కుటుంబంతో బ్రిస్బేన్ వచ్చేసి, సన్నీబ్యాంక్ దగ్గర ఉంటూ అదే పని చేశాడు. రిటైరయ్యాక ఇల్లు అమ్మేసి, తన చేత్తో కట్టిన చెక్క పడవలో భార్యతో ఉత్తరానికి వచ్చి ఇక్కడ ఆగిపోయాడు. క్రీకులో లంగరు.

"నా నెంబరు ఎంతకొచ్చినాదో సూసి సెప్పండమ్మా. సరోజకి కిడ్నీ పోనాది. వారానికి మూడు దినాలు ఆసుపత్రికి ఎల్లాల, డయాలసిస్. ఈసారి వానలొస్తే ఆ క్రీకులో నుండి దాన్ని తేవడం నా వల్ల అవదు."

తీసేసిన పేర్ల పట్టిక తెరిచాను. ఉంది. "ఆఫర్ లెటర్ పంపడమైనది. గడువులో జవాబు లేదు. తొలగించడమైనది." రెండేళ్ళ కిందటిది. కింద నా పొడి సంతకం.

ఒక్క నిమిషమని చెప్పి వెనక గదిలోకి వెళ్ళాను. అట్టపెట్టెలో ఆయన ఫారం దొరికింది. దానికి గుచ్చి, తిరిగి వచ్చేసిన మా ఉత్తరం, విప్పకుండా. ఫారం తిప్పాను. రాన్ పెన్సిలు రాత. "పడవలోనే ఉంటారు. నీలం రంగు చెక్క పడవ. క్రీకులో రెండో మలుపు దాటాక. భార్యకు నలత. పోస్టు సరిగ్గా అందదు. వీళ్ళ వంతు వస్తే వెళ్ళి చెప్పాలి."

నేను వెళ్ళలేదు. ఉత్తరం వెనక్కి వచ్చిందంటే మనిషి ఊళ్ళో లేడని అనుకుని పేరు కొట్టేసి, తర్వాతి వాళ్ళకు ఇచ్చేశాను. ఆ పనికి నాకు అర నిమిషం పట్టి ఉంటుంది.

ఇక్కడ నా గురించి బాగాలేని సంగతి రాయాలి. బయటికి వచ్చి ఆయనకు నిజం చెప్పలేదు. "సిస్టమ్ స్లోగా ఉంది అంకుల్, చూసి చెప్తాను" అన్నాను. ఆయన థాంక్స్ చెప్పి వెళ్ళిపోయాడు.

సాయంత్రం అన్నం దగ్గర మా వారికి చెప్పాను. ఆయన అకౌంట్స్ మనిషి. ఉత్తరం రూలు ప్రకారం పంపావు కదా, నీ తప్పేముంది అన్నారు. అది వింటే కాస్త హాయిగానే ఉంది. అప్పుడు యూనివర్సిటీలో చదువుతున్న మా అమ్మాయి ప్లేటులోంచి తల ఎత్తకుండా, "జస్ట్ టెల్ హిమ్, అమ్మా. హీ థింక్స్ హీ ఈజ్ స్టిల్ ఇన్ ద లైన్" అంది. నేను ఎంతసేపు ఆలోచించినా తోచని మాట అదే. ఆయన ఇంకా వరసలో ఉన్నాననుకుంటున్నాడు.

మర్నాడు డయాలసిస్ రోజని ఆయన మాటల్లో విన్నాను. పొద్దున ఏడింటికే పడవలు దించే ర్యాంపు దగ్గరికి వెళ్ళాను. అప్పటికే ఇద్దరూ అక్కడ బెంచీ మీద ఉన్నారు. సరోజ ఆంటీ సన్నగా, చేతికి కట్టుతో, ఒళ్ళో ఆసుపత్రి సంచి పెట్టుకుని కూర్చుంది. అపాయింట్‌మెంట్ ఎప్పుడని అడిగాను. మధ్యాహ్నం పన్నెండుకట. పొద్దున పోటు మీద రాకపోతే తర్వాత ర్యాంపు చివర నడుములోతు బురద, ఆ బురదలో మొసళ్ళు తిరుగుతాయి. అందుకని నీళ్ళున్నప్పుడే వచ్చి ఐదు గంటలు బెంచీ మీద కూర్చుంటున్నారు. తిరిగి వెళ్ళడానికి మళ్ళీ పోటు కోసం కూర్చోవాలి. ఒక్కోరోజు ఆ సరికి చీకటి పడుతుంది.

నిలబడే చెప్పాను. మీ వంతు రెండేళ్ళ కింద వచ్చింది. మేం ఉత్తరం పంపాం, అది వెనక్కి వచ్చింది. మీరెక్కడ ఉంటారో మా ఫారంలోనే రాసి ఉంది, నేను చూడలేదు. మీ పేరు నేనే కొట్టేశాను.

అప్పారావు నీళ్ళకేసి తిరిగాడు. సరోజ ఆంటీ ఇంగ్లీషులో నెమ్మదిగా అడిగింది.

"రెండేళ్ళ కిందంటే మేం బ్రిస్బేన్‌లో ఉన్నాం. నాకు డయాలసిస్ మొదలుపెట్టింది అప్పుడే. తిరిగొచ్చాక అయినా మాకు ఆ చోటు దొరికి ఉండేదా?"

"దొరికి ఉండేది ఆంటీ. నేను క్రీకుకు వచ్చి ఉంటే పక్క పడవల వాళ్ళు సంగతి చెప్పేవాళ్ళు, మీరొచ్చేదాకా ఆపి ఉంచేవాళ్ళం."

ఆమె తల ఊపి, సంచి తాడు సరిచేసుకుంది. నేను సారీ అన్నాను. అప్పారావు అప్పుడు నా వైపు తిరిగాడు. గొంతు పెంచలేదు.

"సారీ నాకు ఏటి సేసుకోడానికి అమ్మా? సోటు కావాల."

క్రెయిగ్ చెప్పింది

ఆ రోజుల్లో మా మేనేజరు క్రెయిగ్. రాన్‌కి పూర్తిగా వేరు. ఇస్త్రీ చొక్కా, రూలు పుస్తకం. నేను ఆయనతో పోట్లాడినంత ఇంకెవరితోనూ పోట్లాడలేదు.

జరిగింది చెప్పాను. "మళ్ళీ అప్లై చేయమను. జాబితా చివర చేరతాడు" అన్నాడు.

"అయితే వాళ్ళకు ఒక ఉత్తరం రాయండి. తప్పు మాది, శిక్ష మీకు అని. నేను సంతకం పెడతాను."

ఆయన పెన్ను కింద పెట్టాడు. "పద్మా, ఇప్పుడు జాబితాలో మొదట ఎవరున్నారు?"

ఒక భార్యాభర్తలు ఉన్నారు. ఆరేళ్ళ నుంచి ఎదురుచూస్తున్నారు.

"నాయుడిని వాళ్ళ ముందు పెడితే, వచ్చే బెర్తు వాళ్ళకు దక్కకుండా పోతుంది. వాళ్ళేం తప్పు చేశారు? వాళ్ళకు ఆ ఉత్తరం ఎవరు రాస్తారు?"

అప్పుడు కోపమొచ్చింది కాని, ఆయన చెప్పింది న్యాయమే. జాలి వేసిన వాళ్ళను ముందుకు తోయడం మొదలుపెడితే, మనకు కనిపించని వాళ్ళు వెనక్కి పోతారు. ర్యాంపు దగ్గర బెంచీ మీద కూర్చున్న వాళ్ళను నేను చూశాను. ఆ ఆరేళ్ళ వాళ్ళు ఏ బెంచీ మీద కూర్చున్నారో చూడలేదు. రూలు పట్టుకున్న బాసును చెడ్డవాడనుకోవద్దు. ఆయన భయమేమిటో అడగండి, చాలాసార్లు అందులో ఒక మనిషి ఉంటాడు.

నేను లేచి వెళ్తుంటే క్రెయిగ్ వెనక నుంచి అన్నాడు. "జాబితాలో ఎవరి చోటూ తియ్యకుండా, కొత్తగా ఒక చోటు చూపించు. సంతకం పెడతాను."

నూట ఇరవై బెర్తులూ నిండి ఉన్నాయి. లేని చోటు చూపించమన్నాడు. వదిలించుకోవడానికి అన్నాడేమోనని ఇప్పటికీ నాకు అనుమానమే.

లేని చోటు

ఆ వారమంతా పొద్దున్నే ఆఫీసు తెరవక ముందు, సాయంత్రం మూసేశాక, టేపు పట్టుకుని తేలే నడకబాటల మీద తిరిగాను. మా రికార్డుల్లో ఉన్న పడవలు ఏళ్ళ కిందటివి. మనుషులు పడవలు మార్చుకుంటారు. పెద్దది అమ్మి చిన్నది కొంటారు. బెర్తు మాత్రం అదే ఉంచుకుంటారు. కొలుస్తూ పోతే నాలుగో రోజున సి-వరసలో ఒక సంగతి కనపడింది. చివరి బెర్తులో ఉన్న, కాటమరాన్ అనే వెడల్పాటి జంట పడవను యజమాని ఎప్పుడో అమ్మేసి సన్నటి పడవ తెచ్చుకున్నాడు. పక్కన ఇంకో రెండు బెర్తుల్లోనూ పడవలు చోటు కంటే బాగా చిన్నవి. ఈ మూడింటినీ ఒకదానికొకటి దగ్గరగా పక్కకు జరిపితే, చివర ఐదు మీటర్ల వెడల్పు ఖాళీ వస్తుంది. దగ్గరే కరెంటు స్తంభం, మురుగు పైపు. అప్పారావు పడవ వెడల్పు నాలుగు మీటర్ల ఇరవై. క్రీకుకు వెళ్ళి నేనే కొలిచి వచ్చాను.

ముగ్గురు యజమానులు ఒప్పుకోవాలి. మొదటి ఇద్దరికి ఫోన్లోనే చెప్పాను, సరేనన్నారు. మూడోవాడు కెల్. డెబ్బై దాటిన ఒంటరి మనిషి, ఒకప్పుడు చేపలు పట్టే ట్రాలర్ల మీద ఇంజనీరు. పదిహేనేళ్ళుగా అదే బెర్తులో పడవలోనే ఉంటున్నాడు. నన్ను లోపలికి రమ్మనలేదు. నేను నడకబాట మీద, ఆయన పడవ మీద. జరిగిందంతా చెప్పాను.

"నువ్వు ఫారం తిప్పి చూడకపోతే నేనెందుకు కదలాలి?" అన్నాడు.

"కదలక్కర్లేదు. తప్పు నాది. మీరు కాదంటే ఇంకోచోట వెతుకుతాను."

"ఆ మాట వాళ్ళ ముఖం మీద చెప్పావా?"

"చెప్పాను."

"ఏమన్నాడు?"

"సారీ వద్దు, చోటు కావాలన్నాడు."

కెల్ ముక్కుతో నవ్వాడు. తర్వాత తన కుడి మోకాలు చూపించాడు. పడవలోంచి దిగడానికి పట్టుకునే కడ్డీ ఒకటి నడకబాటకు బిగించి ఉంది. ఏళ్ళ కింద తనే తన ఎత్తుకు కుదిరేలా బిగించుకున్నాడు. పడవ పక్కకు జరిగితే అది చేతికి అందదు. అది లేకపోతే తను ఒడ్డుకు దిగలేడు.

నేను వెళ్ళి అప్పారావుకు చెప్పాను. మర్నాడే పనిముట్ల పెట్టెతో వచ్చాడు. కెల్‌ని మెట్టు మీద మూడుసార్లు కూర్చోబెట్టి, లేపి, ఆయన చెయ్యి ఎక్కడ ఆనుతుందో చూసి సుద్దముక్కతో గీత పెట్టుకున్నాడు. పాత కడ్డీ విప్పి, కొత్త చోట బిగించి, కింద ఇంకో అరమెట్టు కూడా చేసి పెట్టాడు. కెల్ దాని మీద రెండుసార్లు ఎక్కి దిగాడు.

"శనివారం జరపండి," అన్నాడు నాతో. "శుక్రవారం మాత్రం వద్దు. శుక్రవారం పడవ కదిపితే అరిష్టం, ఆ రోజు నేను తాడు విప్పను."

క్రెయిగ్ సి-వరస చివరికి వచ్చి, నా టేపు అడిగి తీసుకుని, తనే మళ్ళీ కొలిచాడు. సంతకం పెట్టాడు. జాబితాలో మొదట ఉన్న భార్యాభర్తలకు జరిగింది ఫోన్ చేసి చెప్పమన్నాడు. ఇది కొత్తగా వచ్చిన చోటు, రెండేళ్ళ కింద మేం తప్పుగా లాక్కున్న దానికి బదులు ఇస్తున్నాం, మీ వరస కదల్లేదు అని. ఆ భర్త కొంచెంసేపు గొణిగాడు. అతని భార్య ఫోన్ తీసుకుని, "మా విషయంలో ఇలాంటిది జరిగితే మాకూ ఇలాగే వెతుకుతారా?" అని అడిగింది. వెతుకుతామన్నాను. మార్చి నెలలో వాళ్ళకూ దొరికింది.

లోపలికి

మంగళవారం పొద్దున పోటు మీద నీలం పడవ లాకు ముందుకు వచ్చింది. గేట్లు నడిపే కుర్రాళ్ళను అడిగి ఆ రోజు బటన్ నేను నొక్కాను. పడవ లోపలికి వచ్చాక బయటి గేటు మూసుకుంది. నీళ్ళు సర్దుకునేదాకా పది నిమిషాలు పడుతుంది. అప్పారావు చుక్కాని దగ్గర నిలబడి గోడలకేసి చూస్తున్నాడు, తడి కొయ్య మీద చెయ్యి పెట్టుకుని. సరోజ ఆంటీ ముందు భాగాన కుర్చీ వేసుకుని కూర్చుంది. లోపలి గేటు తెరుచుకున్నప్పుడు ఆమె వెనక్కి తిరిగి సముద్రం కేసి ఒకసారి చూసి, మళ్ళీ ముందుకు తిరిగింది.

సి-వరసలో కెల్ తాడు అందుకోవడానికి నిలబడి ఉన్నాడు.

వారం తర్వాత ఆంటీ నడుచుకుంటూ ఆఫీసుకు వచ్చింది. ఆసుపత్రికి ఇప్పుడు పన్నెండింటికి పది నిమిషాల ముందు టాక్సీ ఎక్కుతోందట. ఆటుపోటు వేళల పుస్తకం బల్ల మీద పెట్టి, "ఇది ఇంకెవరికైనా ఇవ్వు" అంది ఇంగ్లీషులో. "ఇవాళ పోటు ఎప్పుడో నాకు తెలియదు. రెండేళ్ళలో ఇదే మొదటిసారి. పొద్దున ఎనిమిదింటి దాకా పడుకున్నాను."

డిసెంబరులో మొదటి తుఫాను హెచ్చరిక వచ్చింది. క్రీకుల్లో జనం పడవలను మడచెట్లకు కట్టుకుని రెండు రోజులు కదల్లేదు. ఆ రెండు రోజుల్లో ఒకటి ఆమె డయాలసిస్ రోజు. వాన ధారగా పడుతుంటే అప్పారావు గొడుగు పట్టి గేటు దాకా తీసుకొచ్చాడు. ఆమె టాక్సీ ఎక్కి వెళ్ళింది, నాలుగు గంటల తర్వాత తిరిగి వచ్చింది. ఇప్పటికీ వారానికి మూడు రోజులు వెళ్తూనే ఉంది. జబ్బు తగ్గేది కాదు. కాని మనిషి ఒళ్ళు చేసింది, సి-వరసలో అందరి సంగతులూ ఆమెకు తెలుసు.

ఆ తర్వాత

మా రూలు పుస్తకంలో క్రెయిగ్ ఒక వాక్యం చేర్చాడు. పడవలో నివసించేవాళ్ళ పేరు, మా ఆఫీసు మనిషి స్వయంగా వెళ్ళి కలవకుండా జాబితా నుంచి తీసేయరాదు. క్రాన్‌బర్న్ అమ్మాయికి నేను చెప్పేది కూడా ఇంతే. నీ మీద అరిచేవాళ్ళ గురించి బెంగ పడకు. వాళ్ళు నీ ఎదురుగానే ఉన్నారు. అరవని వాళ్ళు ఎక్కడున్నారో కనుక్కో. పడవలో ఉండే మనిషికి చిరునామా ఉండదు, సిగ్నల్ ఉండదు, ఒక్కోసారి మన ఆఫీసు మీద నమ్మకమూ ఉండదు. ఈమెయిల్‌కి జవాబు రాలేదంటే వద్దన్నట్టు కాదు.

రూలు రాయడం సులభం. వెళ్ళడానికి మాకు పడవ లేదు, ఎవరి పడవ ఎక్కడుందో తెలియదు. అప్పారావుకు తెలుసు. ఏడేళ్ళు వాళ్ళ మధ్య బతికినవాడు. "నాను తీసుకెల్తాను" అన్నాడు.

మొదటిసారి వెళ్ళింది మోరీన్ అనే ఆవిడ కోసం. రిటైరైన నర్సు. ఒంటరిగా ఒక చిన్న పడవలో, బేలో లంగరు వేసుకుని ఉంటుంది. ఆమె వంతు వచ్చింది. మూడు ఈమెయిళ్ళు పంపాను, ఉత్తరం పంపాను, ఉలుకూ పలుకూ లేదు. పాత రూలైతే ఇంకో రెండు రోజుల్లో పేరు పోయేది.

అప్పారావు చిన్న పడవలో బయల్దేరాం. గాలి ఎదురుగా ఉంది, నా ఆఫీసు చొక్కా పూర్తిగా తడిసింది. అరగంట పట్టింది. ఇంజను చప్పుడు విని మోరీన్ పైకి వచ్చింది, చేతిలో రెంచి, చేతులకు గ్రీజు. నా చొక్కా మీద మెరీనా గుర్తు చూసి మొహం బిగించింది.

"లంగరు దీపం వెలగడం లేదని చెప్పడానికైతే, నిన్ననే బాగుచేశాను."

"దీపం గురించి కాదు." ఉత్తరం పైకి పట్టుకున్నాను.

ఆమె అందుకుంది కాని, కళ్ళజోడు లోపలెక్కడో ఉందట. నన్నే చదవమంది. అలలకు ఊగుతూ, ఒక చేత్తో ఆమె పడవ అంచు పట్టుకుని చదివాను. బెర్తు నెంబరు, పొడవు, కరెంటు ఉంది, నివాసానికి అనుమతి ఉంది. ఆమె మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను.

"కంప్యూటర్ పాడై నాలుగు నెలలైంది," అంది. "మీరు ఎప్పుడో నా పేరు కొట్టేసి ఉంటారని మా చెల్లెలికి చెప్పాను."

గురువారం పదిన్నరకు పోటు ఉంది, అప్పుడు లాకు దగ్గరికి రావచ్చన్నాను. ఆమెకు ఇంకా నమ్మకం కుదరలేదు. నన్ను దాటి, ఇంజను దగ్గర కూర్చున్న అప్పారావు కేసి చూసింది. క్రీకులో పాత పరిచయం.

"నిజమేనా, నాయుడూ?"

"నిజమే," అన్నాడు అప్పారావు ఇంగ్లీషులో. "నేను అక్కడే ఉంటున్నాను."